బీపీ ఊగిసలాడుతుంటే కిడ్నీల కోసం ఏది ఎంచుకోవాలి?

సోమవారం పొద్దున 128, సాయంత్రం 164, మర్నాడు 118, క్లినిక్‌కి వెళ్తే 172. ఇలాంటి కాగితం చేతిలో ఉన్నవాళ్లకి వెంటనే తోచేవి మూడు. ఇంకో మాత్ర రాయమని అడగడం, మాత్ర వేసుకునే టైం మార్చడం, మెషిన్ పాడైందని కొత్తది కొనడం. ఈ మూడిట్లో ఏదో ఒకటి పనికిరావచ్చు, మూడూ దండగైనా కావచ్చు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఈ ఎగుడుదిగుడు నిజంగా ఒంట్లో ఉందా, కొలవడంలో ఉందా? మూత్రంలో ప్రొటీన్ పోతోందా, లేదా? ఈ రెండూ తెలియకుండా మాత్రల పేర్లు పోల్చుకుంటే లాభం లేదు. బీపీని రోజంతా నిలకడగా ఉంచే మందు, కిడ్నీని కాపాడే మందు అన్ని వేళలా ఒకటే కావు. చాలామంది తికమకపడేది అక్కడే.

కిడ్నీకి అసలేమవుతుంది

గుండె తోసే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, ఒక్కో నెఫ్రాన్ మొదట్లో సన్నటి రక్తనాళాల ఉండ ఒకటి ఉంటాయి. వడపోత జరిగేది ఆ ఉండలోనే. దానికి రక్తం తెచ్చే నాళం ఒకటి, తీసుకెళ్లే నాళం ఒకటి. ముందొక కుళాయి, వెనకొక కుళాయి ఉన్నట్టు అనుకోండి. బయట బీపీ పెరగ్గానే ముందు కుళాయి బిగుసుకుంటుంది, తగ్గితే వదులవుతుంది. సగటు రక్తపోటు సుమారు 80 నుంచి 180 మధ్య ఎక్కడున్నా లోపలి ఒత్తిడి పెద్దగా మారకుండా ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ ఇలా సర్దుకుంటుంది. (ఇక్కడ సగటు అంటే పై అంకె కాదు, పై అంకెకీ కింది అంకెకీ మధ్య ఉండేది.) కాబట్టి మెట్లెక్కినప్పుడో టెన్షన్ పడినప్పుడో బీపీ పెరిగితే కిడ్నీ పాడైపోదు. రోజులో బీపీ మారుతూ ఉండటం జబ్బు కాదు. మారకపోతేనే అనుమానించాలి.

ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో, కిడ్నీ ఇప్పటికే కొంత దెబ్బతిన్నవాళ్లలో ఈ సర్దుబాటు సరిగా జరగదు. ముందు కుళాయి వదులుగానే ఉండిపోతుంది. అప్పుడు బయట 170 ఉంటే ఆ దెబ్బ నేరుగా వడపోత పొర మీదే పడుతుంది. పొర దెబ్బతిని ప్రొటీన్ జారడం మొదలవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కో ఉండా మచ్చకట్టి మూసుకుపోతుంది. ఇది పైకి ఊగినప్పటి కథ. కిందికి ఊగినా నష్టమే. నాళాలు గట్టిపడ్డ పెద్దవయసువాళ్లలో, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లలో బీపీ బాగా పడిపోతే వడపోతకి కావాల్సిన ఒత్తిడే అందదు, రక్తంలో క్రియాటినిన్ (కండల నుంచి వచ్చే, కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరుగుతుంది. మామూలు మనిషి తట్టుకునే ఎగుడుదిగుడు వీళ్లకి రెండువైపులా కోత పెడుతుంది.

దెబ్బతిన్న కిడ్నీ మళ్లీ బీపీని పెంచుతుంది. ఉప్పునీ నీటినీ సరిగా బయటికి పంపలేదు, పైగా రెనిన్ అనే పదార్థాన్ని అవసరానికి మించి వదులుతుంది. దానివల్ల తయారయ్యే యాంజియోటెన్సిన్ రక్తనాళాలన్నింటినీ బిగిస్తుంది. 1934లో అమెరికా వైద్యుడు హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల్లో కిడ్నీకి వెళ్లే నాళాన్ని చిన్న క్లిప్పుతో కొద్దిగా నొక్కి, దానివల్ల ఒంట్లో బీపీ పెరుగుతుందని చూపించాడు. అందుకే బీపీ ముందా కిడ్నీ ముందా అన్న ప్రశ్నకి చాలామంది విషయంలో సూటి జవాబు దొరకదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

అలాగని ఎగుడుదిగుడునే పట్టుకుని భయపడాల్సిన పని లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ బీపీ బాగా తేడాగా వచ్చేవాళ్లలో పక్షవాతం, కిడ్నీ క్షీణత ఎక్కువగా కనిపిస్తాయన్నది నిజమే. కానీ గట్టిపడ్డ నాళాలు, మధ్యమధ్యలో మానేసిన మాత్రలు, పాడైన కిడ్నీ ఇవన్నీ తేడాని పుట్టించేవే కాబట్టి ఏది కారణమో ఏది ఫలితమో విడదీయడం కష్టం. వైద్య మార్గదర్శకాలు సగటు బీపీకి లక్ష్యం పెట్టాయి గానీ ఊగిసలాటకి పెట్టలేదు. నన్నడిగితే క్రమం ఇదే: ముందు సగటుని దారిలో పెట్టండి, తర్వాత ఊగిసలాట సంగతి చూడండి. సగటు దిగితే చాలామందిలో ఊపు కూడా దానంతటదే తగ్గుతుంది.

క్లినిక్, ఇల్లు, 24 గంటల మెషిన్: ఏ కొలతని నమ్మాలి

క్లినిక్‌లో కొలత తప్పనిసరే, కానీ ఒంటరిగా నమ్మదగ్గది కాదు. డాక్టర్‌ని చూడగానే పెరిగే బీపీ కొందరిది. వీళ్లకి అనవసరంగా మాత్రలు పెరిగిపోయి, ఇంటికెళ్లాక కళ్లు తిరుగుతుంటాయి. దీనికి సరిగ్గా తిరగబడ్డ బాపతు ఇంకొందరు. క్లినిక్‌లో 128 చూపించి, ఇంట్లో 150 దగ్గర తిరుగుతుంటారు. కిడ్నీ విషయంలో ఈ రెండోవాళ్ల గురించే ఎక్కువ భయపడాలి, ఎందుకంటే 'అంతా కంట్రోల్‌లో ఉంది' అన్న మాట విని నిశ్చింతగా వెళ్లిపోతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఈ దాక్కున్న బీపీ తరచూ కనిపిస్తుంది.

ఇంట్లో కొలత ఎక్కువమందికి సరైన ఎంపిక. షరతు ఒక్కటే, పద్ధతిగా కొలవాలి. మామూలుగా జరిగేది ఇలా ఉంటుంది: చొక్కా చేతి మీదుగానే పట్టీ చుడతారు, కాలు మీద కాలు ఉంటుంది, చెయ్యి గాల్లో వేలాడుతుంది, పక్కవాళ్లతో మాట్లాడుతూ బటన్ నొక్కుతారు. 158 వస్తుంది. నమ్మబుద్ధి కాక వెంటనే మళ్లీ, ఇంకోసారి ఇంకో చేతికి. 151, 163. అప్పటికి నిజంగానే కంగారు పుట్టి, నాలుగోసారి 170. ఇది బీపీ ఊగిసలాట కాదు. కొలత ఊగిసలాట.

కొలవడానికి ముందు అరగంటలో కాఫీ, టీ, సిగరెట్, వ్యాయామం ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రావాలి, నిండిన మూత్రాశయం ఒక్కటే అంకెని పెంచేస్తుంది. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. నిమిషం తేడాతో రెండుసార్లు కొలవాలి. పొద్దున మాత్ర వేసుకోక ముందు, సాయంత్రం భోజనానికి ముందు. ఇలా ఏడు రోజులు కొలిచి, మొదటి రోజు అంకెలు పక్కనపెట్టి మిగతావాటి సగటు తీయాలి. ఈ సగటు 135/85 లేదా అంతకు మించి ఉంటే అది హై బీపీయే. క్లినిక్‌లో చూసే 140/90 హద్దుకి ఇంట్లో సమానమైనది ఇదే. ఒక్క విడి అంకెకి విలువ లేదు, అది 118 అయినా 164 అయినా.

ఉదాహరణకి ఒక డైరీ పేజీ తీసుకుందాం. మనిషి రోజూ పొద్దున లోసార్టాన్ 50 ఒకటి వేసుకుంటున్నారు. మాత్రకి ముందు పొద్దుటి పై అంకెలు 148, 144, 146, 142, 145, 147. సాయంత్రానివి 128, 126, 130, 127, 129, 128. పైపైన చూస్తే ఎగుడుదిగుడు. కానీ విడదీసి చూడండి, పొద్దుటివన్నీ 145 దగ్గరే, సాయంత్రానివన్నీ 128 దగ్గరే. ఇక్కడ ఊగిసలాటేమీ లేదు. మాత్ర పని రాత్రికల్లా అయిపోతోంది, అంతే. ఈ మనిషి పదకొండు గంటలకి డాక్టర్ దగ్గరికి వెళ్తే 130 చూసి పంపించేస్తారు. ఈ కాగితం చూపిస్తే మాత్రం ఇంకో మాత్ర కలిపే ముందు, ఎక్కువసేపు పనిచేసే మాత్రకి మారుద్దామా అన్న మాట వస్తుంది. పొద్దుటివీ సాయంత్రానివీ వేరువేరు వరుసల్లో రాయమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

24 గంటల మెషిన్ అందరికీ అక్కర్లేదు. పగలు ఇరవై, ముప్ఫై నిమిషాలకోసారి పట్టీ బిగుస్తుంటే విసుగ్గానే ఉంటుంది, నిద్రా సరిగా పట్టదు. కానీ రాత్రి నిద్రలో బీపీ ఎలా ఉందో చెప్పడంలో దానికి సాటి లేదు. ఆరోగ్యవంతుల్లో నిద్రలో బీపీ పగటికన్నా 10 నుంచి 20 శాతం దిగుతుంది. కిడ్నీ జబ్బులో ఈ దిగుడు తగ్గిపోతుంది, కొందరిలో రాత్రే ఎక్కువగా ఉంటుంది. అంటే కిడ్నీకి విశ్రాంతి దొరకాల్సిన గంటల్లో కూడా దెబ్బ తగులుతూనే ఉంటుంది. రాత్రి సగటు 120/70 దాటితే ఎక్కువ కిందే లెక్క. క్లినిక్‌కీ ఇంటికీ అంకెలు పొంతన లేనివాళ్లు, బీపీ బాగానే ఉన్నా ప్రొటీన్ పోవడం తగ్గనివాళ్లు, గట్టిగా గురకపెడుతూ పగలు తూగేవాళ్లు, మాత్ర వేసుకున్నాక కళ్లు తిరిగేవాళ్లు దీన్ని ఎంచుకోవాలి. మిగతావాళ్లకి ఇంటి డైరీ సరిపోతుంది.

డయాలసిస్‌లో ఉన్నవాళ్ల లెక్క వేరు. డయాలసిస్‌కి ముందూ వెనకా తీసే అంకెలు ఒంట్లోని నీటితోపాటు పెరిగి తగ్గేవి. వీళ్లకి డయాలసిస్ లేని రోజు ఇంట్లో తీసిన అంకెలే అసలు బీపీకి దగ్గరగా ఉంటాయి.

మెషిన్ సంగతి తొందరగా ముగిద్దాం. జబ్బకి చుట్టేది తీసుకోండి. మణికట్టుది చెయ్యి ఎత్తుని బట్టి మారిపోతుంది, చెయ్యి మరీ లావుగా ఉండి జబ్బకి పట్టీ సరిపడనప్పుడు తప్ప వద్దు. వేలికి పెట్టేవి, వాచీలు మందు మార్చడానికి ఆధారం కాలేవు. బ్రాండ్‌ కన్నా పట్టీ సైజు ముఖ్యం. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. ఆ మోడల్‌ని స్వతంత్రంగా పరీక్షించారో లేదో స్ట్రైడ్ బీపీ జాబితాలో చూసుకోవచ్చు. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకి ఒక్క రీడింగు చాలదు, మూడైనా తీసి సగటు చూడాలి.

క్రియాటినిన్ ఒక్కటే చాలదు

కిడ్నీ ఎలా ఉందో చూడటానికి రక్తపరీక్ష, మూత్రపరీక్ష అని రెండు దారులున్నాయి. చాలామంది మొదటిదే చేయించుకుంటారు. 'క్రియాటినిన్ నార్మల్' అని రిపోర్టులో ఉంటే తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. కానీ క్రియాటినిన్ ఆలస్యంగా పెరుగుతుంది. కండ తక్కువున్న పెద్దవాళ్లలో అది నార్మల్‌గా కనిపిస్తూనే కిడ్నీ పని సగానికి పడిపోయి ఉండొచ్చు. అందుకే దాన్నుంచి వయసునీ, ఆడా మగా అన్నదాన్నీ కలిపి లెక్కగట్టిన ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం అంచనా) చూడాలి. అది మూడు నెలలకి పైగా 60 కన్నా తక్కువుంటే కిడ్నీ జబ్బు ఉన్నట్టే.

బీపీ దెబ్బ చాలామందిలో ముందు మూత్రంలో బయటపడుతుంది. మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, అదే ఏసీఆర్, 30 (mg/g) దాటితే వడపోత పొర కారుతున్నట్టు. పరీక్ష తేలిక, పొద్దుటి మూత్రం ఇస్తే చాలు. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ముందురోజు గట్టి వ్యాయామం ఉంటే తాత్కాలికంగా పెరుగుతుంది కాబట్టి ఒక్కసారి వచ్చిందని కంగారుపడకుండా మళ్లీ చేయించాలి. రెండిట్లో ఒక్కటే చేయించుకునే వీలుండి, బీపీ కొత్తగా బయటపడి ఉంటే నేనైతే ఏసీఆర్‌నే ఎంచుకుంటాను. అందరికీ అందుబాటులో ఉండే మామూలు మూత్రపరీక్ష కొద్దిపాటి అల్బుమిన్‌ని పట్టుకోలేదు. నురగ కనబడేదాకా ఆగితే ఇంకా ఆలస్యం. ఏసీఆర్ కావాలని పేరు పెట్టి అడగాలి.

మాత్రలు: నిలకడా, కాపుదలా

మొదట చెప్పిన తేడా ఇక్కడ పనికొస్తుంది.

ఊగిసలాట తగ్గించడంలో ముందువరుసలో ఉండేది అమ్లోడిపిన్. ఒంట్లో సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది కాబట్టి ఒక రోజు మర్చిపోయినా బీపీ ఎగిసిపడదు. 2010లో బ్రిటన్ వైద్యుడు పీటర్ రాత్‌వెల్ బృందం పాత పరీక్షల (రోగుల్లో మందుల్ని పోల్చి చూసే ట్రయల్స్) అంకెలని తిరగేసి చూసినప్పుడు, అమ్లోడిపిన్ ఆధారంగా వైద్యం చేసినవాళ్లలో బీపీ తేడాలు తక్కువగా, అటెనలాల్ అనే ఇంకో బీపీ మందు వాడినవాళ్లలో ఎక్కువగా కనిపించాయి. ఇంతవరకూ బాగుంది. కానీ అమ్లోడిపిన్ ముందు కుళాయినే వదులు చేస్తుంది. వెనక కుళాయి అలాగే ఉండిపోతుంది. ప్రొటీన్ పోతున్నవాళ్లు దీన్నొక్కదాన్నే వాడితే చేతికి చూపించే బీపీ తగ్గినా వడపోత ఉండలో ఒత్తిడి అంతగా తగ్గదు. ఆఫ్రికన్ అమెరికన్లలో బీపీ వల్ల వచ్చిన కిడ్నీ జబ్బు మీద జరిగిన ఆస్క్ పరీక్షలో రామిప్రిల్, అమ్లోడిపిన్, మెటోప్రొలాల్‌ని పోల్చారు. ప్రొటీన్ పోతున్నవాళ్లలో అమ్లోడిపిన్ వాడినవాళ్ల కిడ్నీ రామిప్రిల్ వాడినవాళ్ల కన్నా వేగంగా తగ్గుతోందని గమనించి ఆ భాగాన్ని ముందే ఆపేశారు.

రామిప్రిల్ లాంటి 'ప్రిల్' మందులు, టెల్మిసార్టాన్ లాంటి 'సార్టాన్' మందులు యాంజియోటెన్సిన్‌ని అడ్డుకుంటాయి. ఇవి వెనక కుళాయిని వదులు చేస్తాయి, అందుకే లోపలి ఒత్తిడీ ప్రొటీన్ పోవడమూ తగ్గుతాయి. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో లోసార్టాన్, ఇర్బెసార్టాన్ జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తాయని 2001లోనే పెద్ద పరీక్షల్లో తేలింది. కాబట్టి ఏసీఆర్ ఎక్కువుంటే మొదటి మాత్ర ఈ రెండు కుటుంబాల్లో ఒకటి. ఏసీఆర్ మామూలుగా ఉంటే ఆ పట్టుదల అక్కర్లేదు, అమ్లోడిపిన్‌తోనో నీరు తీసే మాత్రతోనో మొదలుపెట్టినా తప్పులేదు. ప్రొటీనూ పోతోంది, బీపీ కూడా ఊగుతోంది అంటే రెండూ కలిసిన మాత్ర బాగా నప్పుతుంది: సార్టాన్ కాపుదల చూస్తుంది, అమ్లోడిపిన్ నిలకడ చూస్తుంది. అమ్లోడిపిన్ వల్ల వచ్చే పాదాల వాపు కూడా సార్టాన్ తోడుంటే తగ్గుతుంది. ఆ వాపుని కిడ్నీ వాపనుకుని హడలిపోయేవాళ్లు బోలెడుమంది.

ప్రిల్ మంచిదా, సార్టాన్ మంచిదా? కిడ్నీకి రెండూ ఇంచుమించు ఒకటే. ప్రిల్ వాడితే కొందరికి పొడిదగ్గు పట్టుకుని వదలదు, అరుదుగా పెదవులు, నాలుక వాచిపోతాయి. సార్టాన్‌తో ఈ బాధ చాలా తక్కువ. సార్టాన్లలో కూడా తేడా ఉంది. టెల్మిసార్టాన్ సగం తగ్గడానికి దాదాపు 24 గంటలు పడుతుంది. లోసార్టాన్‌ది, దాన్నుంచి ఒంట్లో తయారయ్యే రూపాన్ని కలుపుకున్నా, 6 నుంచి 9 గంటలే. పైన డైరీలో చూసిన పొద్దుటి పెరుగుదలకి కారణం ఇదే కావచ్చు. రెండు కుటుంబాల మాత్రలనీ కలిపి వేసుకోవడం మాత్రం వద్దు. 2008లో వెలువడిన ఆన్‌టార్గెట్ పరీక్షలో రామిప్రిల్, టెల్మిసార్టాన్ కలిపి వాడినవాళ్లకి అదనపు లాభం రాలేదు సరికదా కిడ్నీ ఇబ్బందులు పెరిగాయి.

ఈ మందులు మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి. క్రియాటినిన్ కొద్దిగా పెరుగుతుంది. లోపలి ఒత్తిడి తగ్గింది కాబట్టి పెరిగిందే తప్ప కిడ్నీ పాడై కాదు. 30 శాతం లోపు పెరుగుదలకి మందు ఆపరు. దాన్ని చూసి సొంతంగా మానేస్తే, తమని కాపాడుతున్న మందునే వదులుకున్నట్టు. 30 శాతం దాటితే మాత్రం డాక్టర్ కారణం వెతకాలి: నీరు తగ్గిపోయిందా, పెయిన్ కిల్లర్లు వాడుతున్నారా, కిడ్నీ నాళాలు సన్నబడ్డాయా అని. గర్భంతో ఉన్నవాళ్లు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు ఈ రెండు రకాలూ వాడకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో వీటినీ నీరు తీసే మాత్రల్నీ తాత్కాలికంగా ఆపాలో లేదో డాక్టర్‌ని ముందే అడిగి రాయించుకోండి. బీపీ బాగా పడిపోయి కిడ్నీ దెబ్బతినేది ఎక్కువగా అలాంటి రోజుల్లోనే.

నీరు తీసే మాత్రల్లో క్లోర్‌థాలిడోన్ ఎక్కువసేపు పనిచేస్తుంది, హైడ్రోక్లోరోథయాజైడ్ అంతసేపు చేయదు. ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తగ్గితే ఈ రకం పనిచేయదని చాలాకాలం అనుకున్నారు. 2021లో వచ్చిన క్లిక్ పరీక్షలో 160 మంది ముదిరిన కిడ్నీ రోగుల్లో క్లోర్‌థాలిడోన్ 24 గంటల బీపీని సుమారు 11 పాయింట్లు తగ్గించింది. అయితే వీళ్లలో క్రియాటినిన్ పెరగడం, పొటాషియం తగ్గడం, కళ్లు తిరగడం కూడా కనిపించాయి, అందుకే రక్తపరీక్షలు తప్పవు. ఒంట్లో నీరు బాగా చేరినవాళ్లకి ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్ ఎంచుకుంటారు. వీటిలో ఫ్యూరోసెమైడ్ పని కొద్ది గంటలే, రోజుకి ఒకటే వేసుకుని బీపీ నిలకడగా ఉండాలంటే కుదరదు.

క్లోనిడిన్ గురించి ఒక్క మాట. ఊగిసలాడే బీపీకి, అందులోనూ మాత్రలు మర్చిపోయే అలవాటున్నవాళ్లకి, ఇది నా దృష్టిలో చివరి ఎంపిక. ఒక్కసారిగా ఆగిపోతే బీపీ ముందున్నదానికన్నా పైకి ఎగురుతుంది.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ బీపీ మందులు కావు. షుగర్ కోసం వచ్చాయి. కానీ షుగర్ లేని కిడ్నీ రోగుల్లో కూడా క్షీణతని నెమ్మదింపజేస్తాయని 2020లో డాపా-సీకేడీ, తర్వాత ఎంపా-కిడ్నీ పరీక్షలు చూపించాయి. బీపీని కొద్ది పాయింట్లే తగ్గిస్తాయి. ప్రొటీన్ పోతున్నవాళ్లు ప్రిల్‌కో సార్టాన్‌కో బదులుగా కాదు, దానికి తోడుగా దీని గురించి అడగాలి.

పొద్దునా, రాత్రా? దీని మీద జరిగినంత వాదన అవసరమే లేదు. 2022లో వెలువడిన టైమ్ పరీక్షలో ఇరవై ఒక్క వేలకి పైగా మందిని చూస్తే, ఎప్పుడు వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం, మరణాల్లో తేడా రాలేదు. మర్చిపోకుండా వేసుకోగలిగే టైమే మంచి టైం. ఒకవేళ 24 గంటల పరీక్షలో రాత్రి బీపీ ఎక్కువుందని తేలితే డాక్టర్ ఒక మాత్రని సాయంత్రానికి మార్చి చూడొచ్చు. నీరు తీసేది మాత్రం పొద్దున్నే, లేకపోతే రాత్రంతా లేస్తూనే ఉండాలి.

120కా, 130కా, 140కా

2015లో వచ్చిన స్ప్రింట్ పరీక్షలో 9,361 మందిని రెండు జట్లు చేసి ఒకరికి పై అంకె 120 లోపు, ఇంకొకరికి 140 లోపు లక్ష్యం పెట్టారు. 120 జట్టులో గుండె సమస్యలు 25 శాతం, మరణాలు 27 శాతం తగ్గాయి. అదే జట్టులో బీపీ పడిపోవడం, హఠాత్తుగా కిడ్నీ దెబ్బతినడం ఎక్కువయ్యాయి. షుగర్ ఉన్నవాళ్లని, రోజుకి గ్రాముకి మించి ప్రొటీన్ పోయేవాళ్లని ఆ పరీక్షలో చేర్చుకోలేదు. దీని ఆధారంగానే 2021లో కిడ్నీ వైద్యానికి అంతర్జాతీయ మార్గదర్శకాలు రాసే కేడిగో సంస్థ కిడ్నీ రోగులకి 120 లోపు అని సూచించింది. అమెరికా గుండె వైద్యుల 2017 మార్గదర్శకం 130/80 దగ్గర ఆగింది.

120 అన్నది ఐదు నిమిషాలు కూర్చోబెట్టి పద్ధతిగా తీసిన అంకె. హడావుడిగా తీసిన 130 దానికి సమానం కావచ్చు. హడావుడి అంకెనే 120కి దించబోతే అసలు బీపీ ఇంకా కిందికి పోతుంది. వయసులో ఉండి, ప్రొటీన్ పోతూ, లేచి నిలబడితే కళ్లు తిరగనివాళ్లు 120 వైపు వెళ్లడం న్యాయం. బీపీ బాగా ఊగేవాళ్లకి, తూలిపడే పెద్దవాళ్లకి, కింది అంకె ఇప్పటికే 60 దగ్గర ఉన్నవాళ్లకి 130 చేరుకుని అక్కడ నిలబడటమే మంచిదని నా అభిప్రాయం. ఏ లక్ష్యం ఎంచుకున్నా నిలబడి కూడా కొలవాలి. లేచిన మూడు నిమిషాల్లో పై అంకె 20 లేదా కింది అంకె 10 పడిపోతే ఆ విషయం ముందు చెప్పి, తర్వాతే కొత్త మాత్ర మాట ఎత్తాలి.

మాత్ర కలిపే ముందు వదిలించుకోవాల్సినవి

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి పెయిన్ కిల్లర్లు బీపీని పెంచుతాయి, బీపీ మాత్రల పనిని చెడగొడతాయి, కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి. సార్టాన్, నీరు తీసే మాత్ర, పెయిన్ కిల్లర్ మూడూ కలిస్తే కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. మామూలు నొప్పికి వాటికన్నా పారాసెటమాల్ నయం. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఉప్పు తగ్గిస్తే ప్రిల్, సార్టాన్ మందులు ప్రొటీన్‌ని ఇంకా బాగా ఆపుతాయి. 'తక్కువ సోడియం ఉప్పు' వేరే విషయం. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కిడ్నీ బాగున్నవాళ్లకి అది మంచి మార్పే. ఈజీఎఫ్ఆర్ తగ్గినవాళ్లు, ప్రిల్, సార్టాన్, స్పైరొనోలాక్టోన్ (ఒంట్లో పొటాషియంని నిలిపే నీరు తీసే మాత్ర) వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోకూడదు. పొటాషియం పెరిగితే గుండె లయే తప్పుతుంది.

మూడు మందులు సరిగా వేసుకుంటున్నా దిగని బీపీ, ఉన్నట్టుండి చెమటలూ గుండెదడతో ఎగిసే బీపీ, పొటాషియం తక్కువగా ఉండే బీపీ అయితే కారణం వెతికించాలి. నిద్రలో ఊపిరాడకపోవడం, అడ్రినల్ గ్రంథి జబ్బులు, కిడ్నీ నాళం సన్నబడటం వీటిలో కొన్ని. నాళం సన్నబడిందని తెలియగానే స్టెంట్ వేయించుకుందామా అన్న ప్రశ్న వస్తుంది. కొవ్వు పేరుకుని సన్నబడితే, 947 మందితో జరిగి 2014లో వెలువడిన కోరల్ పరీక్షలో మందులకి స్టెంట్ కలిపినా అదనపు లాభం కనబడలేదు. కాబట్టి ఎక్కువమందికి మందులే. ఊపిరితిత్తుల్లోకి పదేపదే నీరు చేరుతున్నవాళ్లు మినహాయింపు. ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్లలో కనిపించే ఫైబ్రోమస్కులర్ డిస్‌ప్లేసియా కూడా వేరు. వాళ్లకి బెలూన్‌తో వెడల్పు చేయడం బాగా పనిచేస్తుంది.

ఇవాళే వెళ్లాలా, ఆగొచ్చా

180/120 దాటి, దానితోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబాటు, చూపు మసక, తికమక, ఒకవైపు బలహీనత వీటిలో ఏదున్నా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికే. అదే అంకె వచ్చి ఏ బాధా లేకపోతే, కొద్దిసేపు కదలకుండా కూర్చుని మళ్లీ చూడండి, మాత్ర మర్చిపోయారేమో గుర్తుచేసుకోండి. అప్పటికీ తగ్గకపోతే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. గంటలో దించేయాలని నాలుక కింద నిఫెడిపిన్ క్యాప్సూల్ పెట్టే పాత అలవాటు ప్రమాదం. ఒక్కసారిగా పడిపోయిన బీపీ మెదడుకీ గుండెకీ కిడ్నీకీ రక్తం అందకుండా చేస్తుంది. తక్కువైనప్పుడు కూడా ఇదే జాగ్రత్త. విరేచనాలో జ్వరమో ఉండి, పై అంకె 90 దగ్గరికి పడి, లేస్తే కళ్లు చీకట్లు కమ్మి, పొద్దుట్నుంచి మూత్రం సరిగా రాలేదంటే, అదీ మర్నాటికి వాయిదా వేయకుండా ఆ రోజే చూపించుకోవాల్సిందే.